ఒక కారుతో ఆగని అలవాటు

పాత స్పోర్ట్స్ కారు ఒకదాన్ని కొని బాగుచేసుకోవడానికి ఎవరైనా ఏదో ఒక కారణం చెప్పగలరు. చిన్నతనంలో గోడ మీద చూసిన బొమ్మ అనవచ్చు, పైకప్పు తీసి గాలిలో తిరగాలన్న కోరిక అనవచ్చు. అసలు ప్రశ్న రెండో కారు దగ్గర మొదలవుతుంది. మొదటి కారు తలుపులు సరిగ్గా మూసుకుంటూ, ఇంజన్ చలి ఉదయాల్లో కూడా వెంటనే అందుకుంటూ, బ్రేకులు పక్కకు లాగకుండా నేరుగా పట్టుకుంటూ ఉన్నప్పుడు, ఇక హాయిగా దాన్ని నడుపుకోవలసిన మనిషి, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న మరో బండి కోసం ప్రకటనలు ఎందుకు వెతుకుతాడు? ఈ వ్యసనంలో చాలాకాలంగా ఉన్న నాకు తోచిన సమాధానం ఇది. ప్రతి పాత స్పోర్ట్స్ కారులోనూ ఒక ఇంజనీర్ల బృందం ఆలోచన లోహంగా మారి ఉంటుంది. బరువు తక్కువగా ఉండాలి, చవకలో తయారవ్వాలి, నడిపేవాడికి సంతోషం కలిగించాలి అన్న ఒకే సమస్యను ఒక్కో బృందం ఒక్కో రకంగా పరిష్కరించింది. ఆ పరిష్కారం బండిని బయటినుంచి చూస్తే సగమే తెలుస్తుంది, విప్పితే పూర్తిగా తెలుస్తుంది. ఒకరి ఆలోచన తెలిశాక పక్కవాడు అదే చిక్కును ఎలా విప్పాడో చూడకుండా ఉండడం మాలాంటివాళ్లకు సాధ్యం కాదు.

1962వ సంవత్సరాన్నే తీసుకుందాం. ఆ ఒక్క ఏడాదిలో బ్రిటన్ నుంచి మూడు చిన్న స్పోర్ట్స్ కార్లు వచ్చాయి: ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, లోటస్ ఎలాన్. మూడూ ఇద్దరు కూర్చునేవి, మూడింటికీ పైకప్పు తీయవచ్చు, మూడింటికీ ముందు నాలుగు సిలిండర్ల ఇంజన్, వెనుక చక్రాలకు శక్తి. రోడ్డు మీద పక్కపక్కన నిలబెడితే ఒకే జాతి బండ్లని అనిపిస్తాయి. కిందకు దూరి చూస్తే మాత్రం మూడింటికీ ఎక్కడా పోలిక ఉండదు.

ఎంజీబీకి ఛాసిస్, అంటే బాడీని మోసే చట్రం, విడిగా లేదు. దాని ముందు వచ్చిన ఎంజీఏకు ఉక్కు ఛాసిస్ మీద బాడీని బిగించేవారు. ఎంజీబీలో బాడీయే ఛాసిస్ పని కూడా చేస్తుంది. పైకప్పు లేని కారులో ఈ పద్ధతి పెట్టాలంటే, కప్పు మోయవలసిన బలమంతా నేల దగ్గరే దొరకాలి. అందుకే తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా పోయే సిల్స్‌ను పొరలు పొరలుగా కట్టారు: బయట ఒక రేకు, లోపల ఒక రేకు, ఆ రెండింటి మధ్య నిలువుగా మరో రేకు, అడుగున బలానికి ఇంకో దూలం. బయటి రేకు మెరుస్తూ ఉన్నా మధ్య రేకు పూర్తిగా తినేసి ఉండవచ్చు. దాన్ని కనిపెట్టడానికి పాతకాలపు పరీక్ష ఒకటి ఉంది. కారును పక్కనుంచి జాకీతో కొద్దిగా లేపి, తలుపు వెనుక అంచుకూ బాడీకీ మధ్య ఉన్న సందును చూడాలి. సందు ముడుచుకుపోయినా, తలుపు తెరిచి మూయడం కష్టమైనా సిల్స్‌లో సత్తువ లేదని అర్థం. బాగుచేసేటప్పుడు కూడా తలుపు చోటులో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించకుండా పాత సిల్‌ను కోయకూడదు. అలా కోస్తే కారు మధ్యలో కుంగుతుంది, ఆ కుంగిన ఆకారంలోనే కొత్త సిల్ వెల్డింగ్ అయిపోతుంది, ఆపైన ఎంత పాటుపడినా తలుపు సరిపడదు. కొత్త రేకు అంటించే ముందు తలుపులు తగిలించి సందులు కొలిచేవాడే ఈ పని తెలిసినవాడు.

స్పిట్‌ఫైర్‌కు ఛాసిస్ ఉంది. ట్రయంఫ్ వారు అప్పటికే తయారుచేస్తున్న హెరాల్డ్ అనే కుటుంబ కారు ఛాసిస్‌ను కుదించి, దాని మీద ఇటలీకి చెందిన జొవానీ మికెలోట్టి గీసిన బాడీని పెట్టారు. బానెట్, రెండు ముందు మడ్‌గార్డులు కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. అది తెరిచాక చక్రం మీద కూర్చుని ఇంజన్ మీద పనిచేయవచ్చు. ఇంత సుఖంగా పనిచేయనిచ్చే కారు మరొకటి నేను చూడలేదు. అయితే ఛాసిస్‌ను కుదించేటప్పుడు హెరాల్డ్‌కు ఉన్న పక్క దూలాలను తీసేశారు కాబట్టి ఇందులోనూ సిల్స్ మీద భారం పడుతుంది. ఛాసిస్ ఉందన్న ధైర్యంతో తుప్పు పట్టిన సిల్స్ ఉన్న స్పిట్‌ఫైర్‌ను కొనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. వెనుక సస్పెన్షన్ కూడా హెరాల్డ్ నుంచి వచ్చిందే. మలుపులో గబుక్కున యాక్సిలరేటర్ వదిలితే వెనుక చక్రం లోపలికి ముడుచుకుని కారు తిరగబడేంత పని చేసేది. 1970లో వచ్చిన మార్క్ 4లో వెనుక అడ్డంగా ఉండే పట్టీ స్ప్రింగును మధ్యలో ఊగేలా బిగించి ఆ గుణాన్ని చాలావరకు తగ్గించారు. మొత్తం సస్పెన్షన్ మార్చకుండా, ఉన్న స్ప్రింగును బిగించే తీరు మార్చి ప్రమాదాన్ని తగ్గించిన ఆ ఆలోచనను మొదటిసారి కిందనుంచి చూసి గ్రహించినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ నాలో ఉంది.

ఇక ఎలాన్. ఫైబర్‌గ్లాస్ బాడీ, దాని మధ్యలో వెన్నెముకలా నడిచే సన్నని ఉక్కు ఛాసిస్, మొత్తం బరువు 700 కిలోల లోపు. లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ బృందం ఒక్క వస్తువుతో రెండు పనులు చేయించకుండా వదిలిపెట్టేది కాదు. ఎలాన్ హెడ్‌లైట్లు బానెట్‌లోంచి పైకి లేస్తాయి. వాటిని లేపేది ఇంజన్ గాలి పీల్చడం వల్ల పుట్టే వాక్యూమ్, అంటే గాలి లేమి. ఆ వాక్యూమ్‌ను నిల్వ చేయడానికి వేరే డబ్బా పెట్టకుండా, ఛాసిస్ ముందు అడ్డ దూలాన్నే గాలి చొరబడని తొట్టిగా మార్చారు. దాని ఫలితం ఏమిటంటే, ఎలాన్ హెడ్‌లైట్లు సరిగ్గా నిలబడకపోతే తెలిసినవాడు లైట్లను మాత్రమే చూడడు. వాక్యూమ్ గొట్టాలతో పాటు ఛాసిస్ ముందు భాగాన్ని సుత్తితో తట్టి చూస్తాడు. అక్కడ తుప్పు చిల్లు చేసి ఉంటే లైట్లు వాలిపోవడం ఒక హెచ్చరిక. సస్పెన్షన్ ఆధారపడే ఉక్కు సన్నబడుతోందని ఆ కారు తన కళ్లతో చెబుతోందన్నమాట. ఒక లక్షణం నుంచి దానికి ఏమాత్రం సంబంధం లేదనిపించే కారణం దాకా ఇలా నడిపించే యంత్రాలు నేటి బండ్లలో నాకు కనబడవు.

కొనడానికి వెళ్లినప్పుడు ఇంజన్ గురించి బెంగ పెట్టుకునేవాళ్లు ఎక్కువ. నా దృష్టిలో ఇంజన్ చివర చూడవలసినది. ఇంజన్‌ను బయటకు తీసి బల్ల మీద పెట్టి బాగుచేయవచ్చు, అవసరమైతే మరొకటి తెచ్చుకోవచ్చు. బాడీ ఒక్కటే ఉంటుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు అంతకుముందు కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకులు అతికిన అంచుల్లో తుప్పు పుడితే అది ఆ అంచులను లోపలినుంచే విడదీస్తుంది, పెయింటు కింద పొంగులు లేస్తాయి. పెయింటు మీద గోరంత పొంగు కనిపించిందంటే లోపల అరచేయంత పని ఉంటుందని అనుకుని లెక్క వేయాలి. పలుచని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని మడ్‌గార్డుల కింది అంచుల మీద, సిల్స్ మీద నెమ్మదిగా జరుపుతూ పోతే అది పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. తివాచీ ఎత్తి చూడాలి. స్పేర్ టైరు గుంటలో నీటి చారలు చూడాలి. బ్యాటరీ కూర్చునే చోటును తప్పకుండా చూడాలి, ఎందుకంటే బ్యాటరీ ఆమ్లం చేసే హాని మామూలు తుప్పు కంటే ఎంతో ఎక్కువ. పోర్షే 914లో బ్యాటరీ ఇంజన్ గదికి కుడివైపు ఉంటుంది. దాని నుంచి కారిన ఆమ్లం, పైనుంచి పడిన వాన నీరు కలిసి కిందనున్న కుడి వెనుక సస్పెన్షన్ బిగింపు దాకా తినేస్తాయి. ఆ కారును ప్రేమించేవాళ్లు ఆ మూలను నరకపు గుంట అని పిలుస్తారు. ఆ పేరు దానికి తగినదే.

కొన్ని పరీక్షలు ఒక్కో కారుకే ప్రత్యేకం, వాటిని నేర్చుకోవడంలో కలిగే తృప్తి వేరు. స్పిట్‌ఫైర్ దగ్గరకు వెళ్తే ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి ఉంచి, క్లచ్ తొక్కించి వదిలించాలి. మనం ముందు నిలబడి క్రాంక్ పుల్లీని చూడాలి. పుల్లీ కంటికి కనిపించేంతగా ముందుకూ వెనక్కూ కదిలితే ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్‌ను అటూ ఇటూ జరగకుండా పట్టి ఉంచే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి. అవి ఊడి కింద పడ్డాక కూడా బండిని నడిపి ఉంటే ఇంజన్ బ్లాకే చెడిపోయి ఉండవచ్చు. పాత ఆల్ఫా రోమియో స్పైడర్‌ను నడిపి చూసేటప్పుడు గేర్‌బాక్స్ చల్లగా ఉండగానే మూడో గేరు నుంచి రెండో గేరుకు దించి చూడాలి, గరగర శబ్దం వస్తే గేర్ల వేగాలను కలిపే సింక్రోనైజర్ రింగ్ అరిగిందన్నమాట. వేడెక్కాక చూస్తే చాలాసార్లు ఆ లోపం దాగిపోతుంది. అమ్మేవాడు మనం వచ్చేసరికే ఇంజన్ వేడి చేసి ఉంచితే, అది మర్యాదతో చేశాడో మరో ఉద్దేశంతో చేశాడో తెలుసుకోవడానికి ఇంకో రోజు వెళ్లడమే మంచిది.

ఏళ్లుగా నిద్రపోయిన ఇంజన్‌ను లేపడం ఈ అలవాటులో అన్నిటికంటే బలమైన మత్తు. దాన్ని తొందరపడి చేయకూడదు, తొందరపడని కొద్దీ ఆ మత్తు పెరుగుతుంది. తాళం తిప్పి స్టార్టర్ మోటారుతో బలవంతంగా తిప్పడం మొదటి పని కానే కాదు. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండర్‌లోనూ కొద్దిగా పలుచని నూనె పోసి, దాన్ని పిస్టన్ రింగుల దాకా దిగనివ్వాలి. ఒక్కోసారి అది రోజుల పని. తరువాత క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ తగిలించి చేత్తో తిప్పి చూడాలి. మొదట రాయిలా ఉన్న ఇంజన్ వెంట్రుకవాసి కదిలినప్పుడు చేతికి తెలిసే ఆ సడలింపును నేను మాటల్లో పెట్టలేను. రెండు పూర్తి చుట్లు అడ్డం లేకుండా తిరిగితే వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలడం లేదని తెలుస్తుంది. పాత నూనె దించి కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో తిప్పుతూ ఆయిల్ ప్రెజర్ ముల్లు పైకి లేచేదాకా ఆగాలి. ఒత్తిడి లేని ఇంజన్ పరిగెత్తకుండా ఇదే కాపాడుతుంది, ఎందుకంటే బేరింగులు ఎండిపోయి ఉన్నప్పుడు కొద్ది క్షణాల పరుగు కూడా వాటిని గీరేస్తుంది.

ఆ తరువాత కంప్రెషన్ కొలత, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి కొలత. నాలుగు సిలిండర్ల అంకెలూ ఒకదానికొకటి పది శాతం లోపల ఉంటే, అంకెలు కాస్త తక్కువైనా సరే, ఆ ఇంజన్ మీద ఆశ పెట్టుకోవచ్చు. ఒక సిలిండర్ మాత్రం వెనుకబడితే అందులో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే లోపం రింగుల్లో ఉంది, పెరగకపోతే వాల్వులోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. ట్యాంకులోని పాత పెట్రోలును నమ్మకూడదు. అది వార్నిష్‌లా చిక్కబడి, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాలను, అంటే జెట్లను, మూసేస్తుంది, అందుకని వేరే డబ్బాలోంచి తాజా పెట్రోలు గొట్టంతో ఇవ్వాలి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కరెంటును కలిపి తెంచే పాయింట్ల ముఖాలను శుభ్రం చేసి, వాటి మధ్య సందును దాదాపు 0.4 మిల్లీమీటర్లకు పెట్టి, ప్లగ్గును బయట పెట్టి మెరుపు నీలంగా దూకుతోందో లేదో చూడాలి. గాలి, పెట్రోలు, మెరుపు, కంప్రెషన్ అన్నీ ఉన్నాయని ఒక్కొక్కటిగా రుజువు చేసుకున్న తరువాత ఆ ఇంజన్ అందుకోకుండా ఉండడానికి కారణం మిగలదు. అది అందుకుంటుంది. పొగ కక్కుతూ, తడబడుతూ, మొదట రెండు సిలిండర్ల మీద, ఆపైన మూడింటి మీద, చివరికి నాలుగింటి మీద నిలదొక్కుకుంటుంది. మనిషి ఊహ, పరీక్ష, తర్కం కలిసి నోరులేని లోహం చేత మాట్లాడించిన ఆ నిమిషం కోసమే నాలాంటివాళ్లు మరో కదలని బండిని వెతుక్కుంటారు.

కార్బురేటర్ గురించి కొంత విడిగా చెప్పాలని ఉంది. ఎంజీబీ, జాగ్వార్ ఈ-టైప్, ఇంకా ఎన్నో బ్రిటిష్ కార్ల మీద కనిపించే ఎస్‌యూ కార్బురేటర్‌ను 20వ శతాబ్దం తొలి ఏళ్లలో స్కినర్ సోదరులు రూపొందించారు. ఆ మొదటి రకాల్లో లోహపు పిస్టన్‌కు బదులు తోలు తిత్తి ఉండేది. 240జెడ్ అనే జపాన్ స్పోర్ట్స్ కారు కోసం డాట్సన్ (నిస్సాన్ వారి బ్రాండు) వాడిన హిటాచీ కార్బురేటర్లు కూడా ఈ పద్ధతివే. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే లోపలి పిస్టన్ అంత పైకి లేస్తుంది. పిస్టన్ అడుగున వేలాడే సూది మొన వైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి, అది పైకి లేచిన కొద్దీ జెట్‌లో సందు పెరిగి పెట్రోలు కూడా పెరుగుతుంది. చాలా రకాల కార్బురేటర్లలో నెమ్మదికి ఒక జెట్, వేగానికి ఒక జెట్ అంటూ విడివిడిగా పెట్టిన పనిని ఒక సూది, ఒక జెట్ కలిసి చేసేస్తాయి. పైనున్న గొట్టంలో పోసే పలుచని నూనె, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు పిస్టన్ ఎగిరిపోకుండా ఆపి, ఆ క్షణానికి పెట్రోలు పాలు పెంచుతుంది. ఆ నూనె అయిపోయిన కారు తొక్కగానే ఒక్క క్షణం నీరసపడుతుంది, దాన్ని చూసి ఇగ్నిషన్ మార్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మిశ్రమం సరిగ్గా ఉందో లేదో చూడడానికి యంత్రం కూడా అక్కరలేదు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను కొద్దిగా ఎత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే నిలిచిపోతే పెట్రోలు ఎక్కువైంది, ఆగిపోబోతే తక్కువైంది, ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిపోయింది. రెండు కార్బురేటర్లు ఉంటే రెండూ సమానంగా పీలుస్తున్నాయో లేదో గొట్టం ఒకటి చెవికి పెట్టుకుని శబ్దంతో పోల్చుకోవచ్చు. చెవి కుదిరాక అది సంగీతం నేర్చుకున్నవాడి శ్రుతిజ్ఞానం వంటిది, ఒకసారి వచ్చాక పోదు.

ఇక్కడే ఈ వ్యసనంలోని ప్రమాదకరమైన భాగం కూడా ఉంది. ఒక పని కోసం తెరిస్తే మరో పని కనిపిస్తుంది, ఎలాగూ తెరిచాం కదా అన్న ఆలోచన వస్తుంది, ఆ ఆలోచన ముక్కలు ముక్కలుగా ఉన్న కార్లను ఎన్నో గరాజుల్లో ఏళ్ల తరబడి పడుకోబెట్టింది. కొన్ని కార్లు మనల్ని ఆ దారిలోకి తామే లాగుతాయి. లోటస్ ట్విన్ కామ్ ఇంజన్‌లో వాటర్ పంపు ముందు మూతలోనే ఇమిడి ఉంటుంది. చిన్న బేరింగ్ మార్చడానికి ఆ మూత తీయాలి, మూత తీయాలంటే పైన సిలిండర్ హెడ్, కింద నూనె నిలిచే సంప్ కదిలించాలి. 1970లో వచ్చిన ట్రయంఫ్ స్టాగ్ వీ8 ఇంజన్ హెడ్‌ను పట్టి ఉంచే బిగింపుల్లో సగం ఒక కోణంలో, సగం మరో కోణంలో ఉంటాయి. అల్యూమినియం హెడ్‌కూ ఉక్కు కడ్డీలకూ మధ్య తుప్పు అతుక్కుపోతే హెడ్ ఏ దిక్కుకూ రాదు. అలాంటిదాన్ని వదిలించడానికి వేడి, నూనె, చెక్క దిమ్మె, ఓర్పు తప్ప దారి లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముందు కారును భద్రంగా నడిచే స్థితికి తేవాలి. బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, పెట్రోలు గొట్టాలు అయ్యాక మిగతావన్నీ నడుపుతూ ఒక్కొక్కటిగా చేసుకోవాలి. నడుస్తున్న కారు తనకేం కావాలో తానే చెబుతుంది, విప్పేసిన కారు ఏమీ చెప్పదు.

బ్రేకుల విషయంలో మాత్రం సర్దుబాటు లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ లోపలినుంచి సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. ఏళ్లుగా నిలబడిన కారు బ్రేక్ పెడల్ గట్టిగా ఉన్నంత మాత్రాన నమ్మకూడదు, రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి పట్టిన బ్రేకును వదలనివ్వవు. టైర్లలో గాడి ఎంత ఉందన్నది రెండో ప్రశ్న, ఎప్పుడు తయారయ్యాయన్నది మొదటిది. 2000 తరువాత వచ్చిన టైరు పక్కన చివరి నాలుగంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. అక్కడ మూడంకెలే ఉంటే ఆ టైరు గత శతాబ్దానిది, దాని మీద వీధి చివరి వరకు కూడా వెళ్లకూడదు. పెట్రోలు కూడా మారిపోయింది. ఈ కార్లు పుట్టిన కాలంలో పెట్రోలులో ఉండే సీసం వాల్వు కూర్చునే చోటుకు ఒక పొరలా రక్షణ ఇచ్చేది, ఇప్పుడది లేదు కాబట్టి మెత్తని ఇనుప హెడ్‌లో గట్టి ఉక్కు సీట్లు దింపించుకోవాలి. ఎథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు, అందుకే పాత గొట్టాలన్నిటినీ నేను చూడకుండానే మార్చేస్తాను.

వైరింగ్ గురించి భయం అక్కరలేదు. అరవైల నాటి కారులో తీగలు చేతివేళ్లతో వెంబడించగలిగినన్నే ఉంటాయి, తొంభై పాళ్లు లోపాలు తుప్పు పట్టిన ఎర్త్ (బాడీకి కలిపే తీగ) దగ్గరే తేలతాయి. ఒక్క జాగ్రత్త ఉంది. 1967 వరకు వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. అలవాటు చొప్పున రుణ ధ్రువాన్ని బాడీకి కలిపితే అంతకుముందు ఎవరైనా తగిలించిన ఎలక్ట్రానిక్ సామగ్రి కాలిపోతుంది.

విడిభాగాల సంగతికి వస్తే, పాత స్పోర్ట్స్ కార్లను ప్రేమించేవాళ్లకు ఈ కాలం మంచిదే. 5 లక్షలకు పైగా తయారైన ఎంజీబీకి 1988 నుంచి పూర్తి కొత్త బాడీ షెల్లులే దొరుకుతున్నాయి, అసలు కర్మాగారంలో వాడిన అచ్చులతోనే వాటిని మళ్లీ చేస్తున్నారు. లోటస్ కూడా ఎలాన్ కోసం జింక్ పూత పూసిన ఛాసిస్‌లను తరువాతి కాలంలో అమ్మింది. 1990ల చివర్లో నిస్సాన్ అమెరికాలో పాత 240జెడ్‌లను తానే కొని, బాగుచేయించి, కొత్త కార్లు అమ్మే దుకాణాల్లోనే మళ్లీ అమ్మింది. 1989లో వచ్చిన మొదటి తరం ఎంఎక్స్-5 యజమానుల కోసం మాజ్డా 2017లో జపాన్‌లో పునరుద్ధరణ సేవ ప్రకటించి, ఆ కారు గుడ్డ కప్పు, చెక్క స్టీరింగ్ వంటివి మళ్లీ తయారు చేయించింది. తయారుచేసినవారు తమ పాత పనికి ఇలా బాధ్యత వహించడం నాకు ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది.

అయితే అన్నీ కొత్తగా దొరికినప్పుడు ఎంతవరకు మార్చాలన్న ప్రశ్న వస్తుంది. బాడీ కొత్తది, ఇంజన్ మరో కారుది, సీట్లు కొత్తగా కుట్టించినవి, మిగిలింది ఛాసిస్ నంబరు పలక ఒక్కటే అయితే అది అదే కారా? ఈ ప్రశ్న 1990లో ఇంగ్లాండ్ న్యాయస్థానం ముందుకే వచ్చింది. 1929లోనూ 1930లోనూ ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల కార్ల పందెం గెలిచిన బెంట్లీ, ఓల్డ్ నంబర్ వన్ అన్న పేరున్నది, దాని భాగాల్లో మొదటివి చాలా తక్కువే మిగిలాయి. అయినా అది ఎప్పుడూ ఆగిపోకుండా, వేరొకటిగా విడిపోకుండా ఒకే కారుగా బతుకుతూ, మారుతూ వచ్చింది కాబట్టి అదే కారని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. ఆ తీర్పు నాకు సరైనదిగా తోస్తుంది. వాడుకలో మారుతూ వచ్చిన కారుకు ఒక నిరంతర జీవితం ఉంది. ఒక పలక చుట్టూ ఒక్కసారిగా కట్టిన కారుకు అది లేదు. 1966లో ఏర్పడి, ముప్పై ఏళ్లు దాటిన వాహనాల సంరక్షణ చూసే అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా, వీలైనంతవరకు ఉన్నదాన్ని కాపాడాలి, తప్పనిసరైనప్పుడే మార్చాలి అన్న వైపే మొగ్గు చూపుతుంది. చేతి రాపిడికి నునుపెక్కిన గేరు పిడిని, ఎండకు వెలిసిన డాష్‌బోర్డును పారేసి అద్దంలా మెరిసే కొత్తవి పెట్టడం కంటే, ఉన్నవాటిని శుభ్రం చేసి ఉంచడమే నాకు ఇష్టం. కర్మాగారంలోంచి వచ్చినప్పటికంటే మెరుగ్గా పాలిష్ పట్టించిన కార్లను మెచ్చుకుంటాను, కానీ వాటి దగ్గర ఎక్కువసేపు నిలబడను. మార్చిన ప్రతి భాగాన్నీ రాసి పెట్టడం, తీసిన పాత భాగాన్ని వీలైతే కారుతో పాటే దాచడం తరువాత కొనేవాడికి మనం చేయగల మేలు.

ఈ అలవాటులో కొత్తగా అడుగుపెట్టేవారు అడిగితే నేను చెప్పే కారు మొదటి తరం ఎంఎక్స్-5. బరువు సుమారు 950 కిలోలు, భాగాలు పుష్కలం, గేర్‌బాక్స్‌నూ వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ కలిపే అల్యూమినియం చట్రం ఒక్కటి చూసినా దాన్ని తయారుచేసినవారి శ్రద్ధ తెలుస్తుంది. వెనుక చక్రాల ముందు సిల్ చివరలను, 1991కి ముందు 1.6 లీటర్ ఇంజన్లలో క్రాంక్ ముందు పుల్లీ బిగింపును పరీక్షించుకుంటే చాలు. పోర్షే 911తో మొదలుపెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. 1976 మోడల్ నుంచి దాని బాడీకి జింక్ పూత ఉంది, అందువల్ల బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. 1974 నుంచి 1977 వరకు వచ్చిన 2.7 లీటర్ల ఇంజన్లలో మాత్రం మెగ్నీషియం బ్లాకులోంచి హెడ్ కడ్డీలు పీక్కువచ్చే లక్షణం ఉంది, ఆ మరమ్మతు నేర్చుకునే చేతుల కోసం కాదు. మాజ్డాతో కానీ ఎంజీబీతో కానీ చేయి తిరిగాక అక్కడికి వెళ్లవచ్చు.

నా చూపు ఇప్పుడు ట్రయంఫ్ టీఆర్6 మీద ఉంది. కార్బురేటర్లు నాకు అర్థమయ్యాయి, పెట్రోలును యాంత్రికంగా చిమ్మే పద్ధతిని నేనింకా చేత్తో పట్టి చూడలేదు. యూరప్‌కు వచ్చిన టీఆర్6ల ఆరు సిలిండర్ల 2.5 లీటర్ ఇంజన్‌కు లూకస్ వారి ఇంజెక్షన్ అమర్చారు, అమెరికాకు వెళ్లినవాటికి కార్బురేటర్లే పెట్టారు. వెనుక డిక్కీలోని కరెంటు పంపు పెట్రోలును చదరపు అంగుళానికి 100 పౌండ్లకు పైగా ఒత్తిడితో ముందుకు పంపితే, ఇంజన్‌తో పాటే తిరిగే ఒక మీటరింగ్ యూనిట్ ఒక్కో సిలిండర్‌కూ దాని వంతును ఒక్కో గొట్టంలోకి కొలిచి వదులుతుంది. ఎంత కొలవాలో దానికి ఇంజన్ వాక్యూమ్ చెబుతుంది. కంప్యూటర్ లేకుండా, స్ప్రింగులతో, నునుపైన లోహపు ముఖాలతో జరిగే లెక్క ఇది. ఈ పద్ధతి మీద చెడ్డపేరు చాలా ఉంది, వేడెక్కి పంపు చేతులెత్తేస్తుందని చాలామంది దాన్ని తీసేసి కార్బురేటర్లు పెట్టుకున్నారు. అందుకే అసలు ఇంజెక్షన్ ఇంకా ఉన్న కారునే వెతుకుతున్నాను, అది నడవకపోయినా నాకు అభ్యంతరం లేదు. సిల్స్, ఛాసిస్ వెనుక సస్పెన్షన్ బిగించే చోట్లు గట్టిగా ఉంటే కొంటాను. మొదట ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, పంపు దగ్గర ఒత్తిడి కొలుస్తాను. అది నిలిస్తేనే మీటరింగ్ యూనిట్ జోలికి వెళ్తాను.